బ్యాంకులోను రెన్యువల్ సూత్రము: టీకాతాత్పర్య సహితము

మూలము: ‘బ్యాంకు లోను కట్టి మళ్ళీ తీసినాము. వడ్డీ పోయింది. అసలు అట్లే.’

అవతారిక: రైతు ఇంటి జమాఖర్చుల పుస్తకమున విత్తనము, ఎరువు, కూలి పద్దులు ఏటేటా మారుచుండగా, అక్షరము మారక నిలుచు పద్దు ఇదొక్కటియే గనుక, వ్యవసాయ ఋణశాస్త్రమునకు దీనినే మూలసూత్రముగా గ్రహింపవలెను.

ప్రతిపదార్థము: లోను = పంటఋణము, అనగా ఏ పంటకు ఎకరమునకెంత అని జిల్లా సాంకేతిక కమిటీ నిర్ణయించు లెక్కననుసరించి, 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డుపై ఇచ్చునది; కట్టి = గడువులోపల చెల్లించి; మళ్ళీ = వెంటనే, మేనేజరు సెలవులో నున్నచో వచ్చినపిదప; అట్లే = కదలక మెదలక.

టీక: ‘కట్టి’ అనునది క్త్వార్థకము. కట్టుటకును తీయుటకును కర్త రైతే యైనను, కట్టిన ధనము తరచు వడ్డీవ్యాపారిది. మూడు లక్షలలోపు పంటఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల కట్టినవారికి కేంద్రము 3 శాతము తగ్గించును గాన, 2,00,000 రూపాయలపై ఏడాదికి 6,000 మిగులును. అయితే గడువునాటికి ధాన్యము అమ్ముడుపోక, అమ్మినను సొమ్ము చేతికందక, రైతు వడ్డీని చేతినుండి తీసి, అసలును రెండు రూపాయల వడ్డీకి, అనగా నూటికి నెలకు రెండు చొప్పున, బయట అప్పు తెచ్చును. వాడుకొన్నది పది దినములే యైనను వ్యాపారి నిండు నెల లెక్కగట్టినచో 4,000 అతనికి చెల్లును. మిగిలిన 2,000లో భూమి రికార్డులైన అడంగలు, 1-బి నకళ్ళకును, ఆటోలకును పోగా శేషించినదే రాయితీఫలము.

పూర్వపక్షము: ఇంతమాత్రమునకు ఈ ప్రయాస యేల, కట్టక యుండరాదా? అన్నచో, రాదు. స్వల్పకాలిక పంటలకు తీసిన ఋణము గడువు దాటి రెండు పంటకాలములు నిలిచినచో ఖాతాకు మొండిబాకీ ముద్ర పడును. పిదప కొత్త లోను పుట్టదు. కావున రైతు కొనునది రాయితీని కాదు, వచ్చే పంట పెట్టుబడిని.

పాఠాంతరము: 2014లో ఋణమాఫీ వాగ్దానము వెలువడినపుడు, రెండు తెలుగు రాష్ట్రములందును ‘కట్టలేదు, మాఫీ అవుతుందట’ అను పాఠము పుట్టినది. మాఫీ విడతలవారీగా వచ్చుటచే నడుమ వడ్డీ పెరిగెను గాన, ఈ పాఠము శ్రుతిమధురమే గాని ప్రామాణికము కాదు.

లోపము: కౌలురైతు పుస్తకమున ‘బ్యాంకు’ అను పదమే లుప్తము. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టము కౌలుదారులకు ఋణార్హత కార్డులు కల్పించినను, ఆ సర్వే నంబరుపై భూయజమాని అదివరకే లోను తీసియుండుట పరిపాటి. కౌలుదారునకు రెండు, మూడు రూపాయల వడ్డీయే గతి.

తాత్పర్యము: ఆ రెండు లక్షలే బ్యాంకు లెక్కలలో ఒకచోట వసూలుగను, మరొకచోట కొత్త ఋణవితరణగను కనబడును, కావున వసూళ్ళు బాగున్నవనుటయు, సాగుకు ఋణము అందినదనుటయు అబద్ధములు కావు. రైతు వ్రాసిన ‘అసలు అట్లే’ యు అబద్ధము కాదు. ఈ మూడును ఏకకాలమున సత్యములగుట ఈ సూత్రమందలి చమత్కారము. కాబట్టి సాగు అప్పు తీరినదో లేదో విచారించువారు కట్టిన తేదీలను గాక, మొదటి పుస్తకమునందలి అసలును, కడపటి పుస్తకమునందలి అసలును పక్కపక్కన పెట్టి చదువవలెనని భావము.