చెమటకు బదిలీ ఉత్తర్వు

2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలింది. ఫైళ్లొచ్చాయి, బీరువాలొచ్చాయి, ఆఖరికి ఉద్యోగులూ వచ్చారు. దక్కన్ పీఠభూమి పొడిగాలి మాత్రం రిలీవ్ కాలేదు! సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఎండకు మాడటమే తెలిసిన ప్రాణాలకు, కృష్ణ ఒడ్డున ఉక్కపోతలో ఉడకడం కొత్త. అర్ధరాత్రయినా భుజమ్మీది తువ్వాలు దిగదు. హైదరాబాద్ నుంచి మోసుకొచ్చిన కూలర్ పెడితే ఇంకా జిడ్డు; గాలిలో నీళ్లు చాలనట్టు అదీ నాలుగు చుక్కలు కలుపుతుంది మరి. (పక్కనున్న బెజవాడను ‘బ్లేజ్‌వాడ’ అని ఎప్పుడో అన్నారు, విన్నదెవరు?) వారానికి అయిదు రోజులే పని అన్నారు. శుక్రవారం సాయంత్రమైతే చాలు, చూపులన్నీ సికింద్రాబాద్ వైపే. రాజధానికి స్థలం వెతికే పెద్దలూ! ఈసారి వాస్తు తర్వాత చూసుకోవచ్చు, ముందు మే నెలలో ఒక రాత్రి కరెంటు లేకుండా అక్కడ పడుకుని చూడండి.