రాయకుండా వదిలిన చోటు

నేను డ్రాప్‌డౌన్ మెనూని. వెబ్‌సైటు నెత్తిన ఉండే పట్టీలో ఒక మాట మీదికి మౌస్ రాగానే కిందికి జారతాను. అసలు చూస్తే నేనొక మామూలు లిస్టుని, నా కడుపులో ఇంకో లిస్టు. ఒక బ్రౌజర్‌లో కుదురుగా నిలబడి మరోదాంట్లో పక్కకు జరుగుతానని నా మీద నింద. తప్పంతా బ్రౌజర్లదేనని డెవలపర్ల మాట. నాకు తోచేది వేరు. నేను ఎక్కువగా చెదిరింది నా గురించి ఏమీ రాయకుండా వదిలేసిన చోట్లే. లిస్టును ఎడమ నుంచి కాస్త లోపలికి జరిపి చూపడం పాత ఆనవాయితీ. ఆ పనిని పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఒపెరా మార్జిన్‌తో (పెట్టె బయటి ఖాళీతో) చేసేవి, మొజిల్లా ప్యాడింగ్‌తో (పెట్టె లోపలి ఖాళీతో) చేసేది. కంటికి రెండూ ఒకటే. డెవలపర్ మార్జిన్ ఒక్కదాన్నే సున్నా చేసిన రోజున మాత్రం ఒకచోట అంచుకు ఆనుకున్నాను, ఇంకోచోట 40 పిక్సెళ్లు లోపలే ఉండిపోయాను. రెండు బ్రౌజర్లూ చెప్పింది చెప్పినట్టే చేశాయి. ప్యాడింగ్ సంగతే ఎవరూ చెప్పలేదు. 2007లో ఎరిక్ మేయర్ రీసెట్ స్టైల్‌షీట్ చేసిన పనల్లా ఇలాంటి ఖాళీలను ముందే సున్నాలతో పూరించడం.

మరి ఎక్స్‌ప్లోరర్ 6 సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హోవర్, అంటే మౌస్ మీదికి రావడం, ఏ ఎలిమెంటుకైనా వర్తించవచ్చని 1998 నాటి సీఎస్‌ఎస్ 2లోనే ఉన్నా, ఎక్స్‌ప్లోరర్ 6 దాన్ని లింకుల మీద తప్ప పట్టించుకోలేదు. నేను తెరుచుకోవాలంటే ఆ బ్రౌజర్ కోసం ప్రత్యేకంగా జావాస్క్రిప్ట్ ముక్క జోడించాల్సి వచ్చేది; 2003లో పేరుపడ్డ సకర్‌ఫిష్ పద్ధతి కిటుకు ఇదే. నేను ఫారంలోని సెలెక్ట్ పెట్టె మీదికి జారితే, ఏది పైన ఉండాలో చెప్పే నా జెడ్-ఇండెక్స్ ఎంత పెంచినా లాభం లేదు, ఆ పెట్టె నన్ను చీల్చుకుని పైకే వచ్చేది. ఆ తప్పులు బ్రౌజర్‌వే, కాదనను. అయితే హోవర్ తప్పును 2006లో ఏడో వెర్షన్ సరిదిద్దింది, 2022లో ఎక్స్‌ప్లోరరే సెలవు తీసుకుంది. రాయని సంగతికి అలాంటి గడువు లేదు. 2007లో ఐఫోన్ వచ్చాక వేలికి హోవర్ ఎక్కడిది? తాకితే ఏం చేయాలో, ట్యాబ్ కీ నొక్కుతూ వచ్చేవారికి ఎలా తెరుచుకోవాలో నా కోడులో ఒక్క ముక్క లేదు. మౌస్ లేనివాళ్లకు నేను మూసిన తలుపునే అయ్యాను.

అన్నిచోట్లా ఒకేలా కనబడాలన్న పట్టుదల ఎందుకు, సెలెక్ట్ పెట్టె ఫోన్లో ఒకలా కంప్యూటర్లో ఒకలా ఉంటే ఎవరైనా గోల చేస్తున్నారా అని ఇంకో వాదన. ఒప్పుకుంటాను. రంగు, నీడ, మూలల గుండ్రదనం తేడాగా ఉంటే ఉండనివ్వండి. చదవగలగడం, తెరవగలగడం మాత్రం మారకూడదు. ఇక్కడే తెలుగు మెనూల కష్టం ఎదురవుతుంది. లైన్-హైట్ (వరుస ఎత్తు) రాయకపోతే అది 'నార్మల్' అవుతుంది. ఆ నార్మల్ ఎంతన్నది ఫాంటును బట్టి ఉంటుంది. పాత విండోస్‌లో గౌతమి, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో మరోటి; దేని ఎత్తు దానిదే. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయిందని వరుస ఎత్తును పిక్సెళ్లలో బిగించేస్తే 'రాష్ట్రం' అన్న మాట కింద వేలాడే రెండు వత్తులూ పక్క వరుస మీద పడతాయి, లేదా సగానికి తెగుతాయి. అదే ఎత్తును అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లో, ఇంకాస్త ఎక్కువో అని రాసి, పైనా కిందా ప్యాడింగ్ ఇస్తే ఫాంటు ఏదైనా ఆ వత్తులకు చోటు దొరుకుతుంది.