అది బాధ్యత కింద రాదండి

మార్చి నెలాఖరొస్తే మా పామర్రు చుట్టుపక్కల రెండు రకాల నూర్పిళ్లు. ఒకటి మినుము, రెండోది పుణ్యం. మినుము రైతు నూరుస్తాడు. పుణ్యం కంపెనీలు నూరుస్తాయి, అదీ ముప్పై ఒకటో తారీఖు లోపల.

తారీఖెందుకంటే, దీనికో చట్టం ఉంది. 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షను. నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో తాకిన కంపెనీ గత మూడేళ్ల లాభాల సగటులో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. దీన్నే కార్పొరేట్ సామాజిక బాధ్యత, పొట్టిగా సీఎస్‌ఆర్ అంటారు. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలు. మొదట్లో ఖర్చుపెట్టకపోతే ఎందుకు పెట్టలేదో ఓ ముక్క రాస్తే సరిపోయేది. 2021లో బిగించారు, మిగిలిన సొమ్ము కేంద్రం చెప్పిన నిధికి కట్టాలన్నారు. అప్పటిదాకా కారణాలు రాసిన చేతులు ఇప్పుడు కత్తెర పట్టుకుని రిబ్బను వెతుక్కుంటున్నాయి.

అలా వెతుక్కుంటూ ఓ రొయ్యల కంపెనీ మా పక్క ఊరొచ్చింది. పేరు అడక్కండి. మంచినీళ్ల ప్లాంటు ప్రారంభం. అటు కాలవ, ఇటు కాలవ, మధ్యలో మేం ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుని తాగుతాం. మా తాతలు ఊరి మంచినీళ్ల చెరువులో కడవ ముంచుకునేవాళ్లు. ఇప్పుడు ఆ చెరువు చుట్టూ చేపల చెరువులే. కాబట్టి ప్లాంటు అవసరమే, కాదనను.

ఫ్లెక్సీ మీద ‘పర్యావరణం – సమాజం – సమ్మిళితం’ అని రాసి, ఎండీ గారి మొహం చేటంత వేశారు. ఊరి పేరు కింద మూల, ఫ్లెక్సీ కొట్టువాడి ఫోన్ నంబరు పక్కన.

మా బాబాయి కాలవల మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. నీళ్లు ఎటు పోతాయో చూడకుండా నిద్రపోలేని మనిషి. వేదిక దగ్గర మైకు ఖాళీగా కనబడేసరికి లేచాడు.

“అయ్యా, రాత్రి పదకొండు దాటాక మీ గొట్టం మా మురుగు కాలవలో నీళ్లొదులుతోంది. నురగ కడుతోంది. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మీ లోపల శుద్ధి చేసే మిషనుందిగా, అది కాస్త ఆన్ చేస్తే పోలా?”

మెళ్లో కార్డు వేలాడేసుకున్న కుర్రాడు, పాపం చాలా మర్యాదస్తుడు, చేతులు కట్టుకుని చెప్పాడు. “అంకుల్, అది సీఎస్‌ఆర్ కింద రాదండి. వేరే డిపార్ట్‌మెంటు.”

కుర్రాడు అబద్ధమాడలేదు. ఇంటికెళ్లి నిబంధనలు తిరగేశాను. కంపెనీ రోజువారీ వ్యాపారంలో భాగంగా చేసే పని సామాజిక బాధ్యత ఖాతాలో పడదు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చెయ్యాల్సిన పని పడదు. సొంత ఉద్యోగుల మేలు కోసం చేసిందీ పడదు. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే: అప్పు తీర్చి దానం చేశానని చెప్పుకోవద్దని. ఈ కంపెనీకి బోధపడింది మాత్రం ఇంకోటి: ఖాతాలో పడని పని చెయ్యనక్కర్లేదని.

ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు అనేవాళ్లు మా నాయనమ్మ. ఇక్కడ చెప్పులకు ఆడిట్ ఉంది, ఆవు వేరే డిపార్ట్‌మెంటు.

అదే వేదిక మీద నాలుగు చక్రాల కుర్చీలూ ఇచ్చారు. కంపెనీ గేటు దాటితే ఆఫీసుకు మూడు మెట్లు, పక్కన ర్యాంపు లేదు. అది 2016 వికలాంగుల హక్కుల చట్టం సంగతి, అంచేత ఖాతాలో పడదు.

ముందు వరసలో రొయ్యలు వలిచే ఆడవాళ్లను కూర్చోబెట్టారు, ఒకే రంగు చీరల్లో. నా పక్కనున్నావిడ ఫొటోగ్రాఫరు ఇటు తిరిగినప్పుడల్లా చేతులు కొంగులో దాచుకుంటోంది. ఐసు నీళ్లలో నాని వేలి కొసలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఉండబట్టలేక ఆ కుర్రాణ్ణే అడిగింది.

“బాబూ, ఆ సమ్మిళితమంటే ఏంటి?”

“అందర్నీ కలుపుకోవడం అమ్మా.”

“మస్టర్లో కలుపుతారా మరి?”

కుర్రాడు ఫోను చూసుకున్నాడు. వీళ్లంతా కంట్రాక్టరు మనుషులు, కిలో లెక్కన కూలి. యాభై మందో, అంతకు మించో ఉన్న చోట పసిపిల్లల గది ఉండాలని 2017లో ప్రసూతి చట్టం సవరించారు. గది ఉంది, పైన బోర్డూ ఉంది. తాళం తీస్తే లోపల పోయినేటి ఫ్లెక్సీలు చుట్టలు చుట్టి ఉంటాయని ఆవిడే చెప్పింది.

అమెరికాలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అని ఆర్థికవేత్త, చట్టానికి లోబడి లాభం సంపాదించడమే వ్యాపారి సామాజిక బాధ్యతని 1970లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. బాబాయికి చెబితే, “ఆయన నయం, ఫ్లెక్సీ ఖర్చు మిగిల్చాడు” అన్నాడు. అలాగని ఇచ్చే చేతులన్నీ ఒకటేనని అనను. పక్కనే కూచిపూడిలో సిలికానాంధ్ర వాళ్ల సంజీవని ఆసుపత్రి లేచింది. విరాళాలిచ్చిన ప్రవాసుల్ని ఏ సెక్షనూ తరమలేదు.

మొన్న ఆ కంపెనీ వార్షిక నివేదిక చేతికొచ్చింది. నున్నటి కాగితం, పెళ్లి ఆల్బమంత బరువు. ఓ పేజీలో మైకు పట్టుకుని, నోరు తెరిచి, చెయ్యి పైకెత్తి మా బాబాయి. కింద రాసి ఉంది: ‘ప్రాజెక్టు పట్ల హర్షం వ్యక్తం చేస్తున్న లబ్ధిదారుడు.’

టీ కొట్టు దగ్గర చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

“నేనప్పుడు కాలవ వైపు కదరా చెయ్యి చూపిస్తున్నా” అన్నాడు. “వేళ్ల దాకా ఉంచి, కాలవ కత్తిరించేశారేంటి?”