సత్యపీఠం ఎక్కి గీయండర్రా!

మా రోజుల్లో సినిమా మొదలయ్యే ముందు తెర మీద స్లైడ్లు పడేవి. బట్టల కొట్టు, సైకిల్ షాపు, పళ్ళ డాక్టరు, ‘నిశ్శబ్దం పాటించండి’. మా ఊళ్ళో వాటిని రాసిన చేతుల్లో నాదీ ఒకటి. అరచేయంత గాజుపలక మీద సన్న కుంచెతో అక్షరాలు దిద్దేవాళ్ళం. పలక మీద వెంట్రుకవాసి వంకర పోయిందంటే తెర మీద అది జానెడు. తలకట్టు పక్కకి జరిగితే నేలక్లాసు ఈలలు వేసేది. షావుకారేమో వాళ్ళ నాన్న ఫొటో దగ్గర్నుంచి కొట్టు సెలవు రోజు దాకా అన్నీ ఆ పలక మీదే ఉండాలనేవాడు. పోట్లాడి, బతిమాలి, కొట్టు పేరూ వీధి పేరూ మిగిల్చేవాళ్ళం. నేలవాడు మెడ ఎత్తి, బాల్కనీవాడు కళ్ళు చిట్లించి, ఒక్క చూపులో చదివెయ్యాలి. చదవలేకపోతే తప్పు మాది, వాళ్ళది కాదు.

ఇప్పుడు మా మనవడు డిజైనరు. ఫోన్లలో యాప్‌లకి తెరలు గీస్తాడట. జీతం ఎంతో చెప్పడు, నా బీపీ సంగతి వాడికి తెలుసు. మొన్న గ్యాస్ బుక్ చేద్దామని ఫోన్ తీశాను. ముందు పండగ ఆఫరు మీద పడింది. దాన్ని మూయబోతే రేటింగు ఇమ్మని ఇంకోటి. కింద మూలనుంచి ‘మీకెలా సాయపడగలను’ అంటూ ఒక బుడగ. నాకు కావలసిన సిలిండరు బొమ్మ ఎక్కడో అడుగున, ఆవగింజంత. మనవణ్ణి పిలిచి “ఒరేయ్, ఈ తెరలో హీరో ఎవర్రా?” అని అడిగాను. వాడు తల గోక్కున్నాడు.

అదీ జబ్బు. సినిమావాడు అలా తల గోక్కుంటే కుదరదు. ఈ క్షణంలో జనం ఎవర్ని చూడాలో ముందే తేల్చుకుని, మిగతావన్నీ వెనక్కి నెట్టాలి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో పడవ పాట చూడండి. రంగుల్లేవు, ఉన్నది నలుపూ తెలుపూ. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే ఆ రెంటితోనే వెన్నెల కాయించాడు. అది చందమామ ఇచ్చిన వెన్నెల కాదు, కెమెరా పనితనం. వెలుగు ఎక్కడ పడితే మన చూపు అక్కడికే పోతుంది. ఈ కాలం పిల్లలకి కోట్ల రంగులు చేతిలో ఉన్నాయి. వాళ్ళేమో తెల్లటి తెర మీద బూడిదరంగు అక్షరాలు రాసి ‘నీట్‌గా ఉంది తాతా’ అంటారు. నీట్‌గానే ఉంది, కనబడటం లేదంతే.

అదే సినిమాలో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. తెరిచి చూస్తే చాలు, చూసేవాళ్ళకి ప్రాణప్రదమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు. కృష్ణుడు చూస్తే శకుని కనిపించాడు! కృష్ణుడి మనసులో ఏం నడుస్తోందో ఆ ఒక్క షాటుతో హాలంతటికీ అర్థమైపోయింది. శశిరేఖని ఓటీపీ అడగలేదు. ‘మీ లొకేషన్ తెలుసుకోవచ్చా’ అనలేదు. ఎక్కడ నొక్కాలో చూపించే బాణం గుర్తులు లేవు. ఆ పిల్లకి ఏం కావాలో ముందు ఆలోచించి, పెట్టెని తర్వాత తయారుచేశారు. మనవాళ్ళు పెట్టె ముందు తయారుచేసి, ఇందులో జనం ఏం వెతుక్కుంటారో చూద్దామంటున్నారు.

ఆ ముందుచూపు ఊరికే రాలేదు. ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డిగారు ఏ సీను ఎంతసేపుండాలో గడియారం పెట్టి లెక్క తేల్చుకున్నాకే షూటింగుకి దిగేవారని పేరు. బాపుగారు 1967లో ‘సాక్షి’తో దర్శకుడయ్యారు. అప్పటికే బొమ్మలు గీసి చెయ్యి తిరిగినవారు, షాట్లు కూడా ముందు కాగితం మీద బొమ్మలుగా వేసుకునేవారు. ఫిలిం ఖరీదైన సరుకు. తప్పులు కాగితం మీద చేసుకుంటే ఇంత రబ్బరుతో పోతాయి. ఇప్పుడు తప్పులన్నీ మన ఫోన్లోనే చేస్తారు. వారం తిరిగేసరికి అప్‌డేట్ వస్తుంది, ‘కొన్ని లోపాలు సరిచేశాం’ అని. ఏ లోపమో చెప్పరు. నిన్నటిదాకా కుడివైపున్న బటన్ ఎడమవైపుకి కాపురం మారుస్తుంది.

పాత టీవీ సంగతీ చెప్పాలి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ప్రసారం ఆగిందంటే ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని తెర మీద వచ్చేది. దాన్ని చూసి నవ్వుకున్నాం, తిట్టుకున్నాం. కానీ అందులో ఎంత మర్యాద ఉందో ఇప్పుడు తెలుస్తోంది. అంతరాయం వాళ్ళదని ఒప్పుకున్నారు, చింత కూడా వాళ్ళే పడ్డారు. ఇప్పుడు ఫోన్లో డబ్బు కట్టాక తెర గిర్రున తిరిగి తిరిగి ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి’ అంటుంది. ఎవరి పొరపాటు? నా డబ్బు వెళ్ళిందా, ఉందా? మళ్ళీ ప్రయత్నిస్తే రెండుసార్లు పోతుందా? చింతించే పని కూడా మనకే అప్పగించారు.

మనవడు ఊరుకుంటాడా! “తాతా, మీ ప్రేక్షకుడు చీకట్లో కుర్చీలో కూర్చుని తెరకేసి చూస్తాడు. నా మనిషి బస్సులో కమ్మీ పట్టుకుని ఒక్క చేత్తో ఫోన్ నొక్కుతాడు, సగం కన్ను దిగాల్సిన స్టాపు మీదే ఉంటుంది” అన్నాడు. నిజమే. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు, చెవులు వినబడనివాళ్ళకి కింద మాటలు రాసి చూపించడం, చూపు లేనివాళ్ళకి ఫోనే చదివి వినిపించడం... ఇవి మా స్లైడ్లలో కల్లో కూడా లేవు. ఆ మాటకి దండం పెడతాను. అయితే నా ప్రశ్న ఇంకా గట్టిపడిందే: సగం కన్నే ఉన్నవాడి ముందు ఆరు బటన్లు ఎందుకురా?

ఇంకోటి. మా సినిమాకి ‘శుభం’ కార్డు ఉండేది. ఇక లేచి ఇంటికెళ్ళి అన్నం తినండి అని అర్థం. వీళ్ళ వీడియోలకి శుభం లేదు. ఒకటి అయ్యీ అవకముందే రెండోది తన్నుకొస్తుంది, పేర్లు చదవనివ్వరు. వేలితో పైకి తోస్తుంటే అడుగే తగలదు. ఇది చేతకాక చేసింది కాదు. జనాన్ని లేవనివ్వకూడదని తెలివిగా చేసింది. చందా కట్టే బటన్ పెళ్ళిపందిరంత, మానేసే బటన్ భూతద్దానికి కూడా అందదు. చూపుని నడిపించే విద్య సినిమానుంచి నేర్చుకున్నట్టే ఉన్నారు, ఎటు నడిపించాలన్నదే నేర్చుకోలేదు.

‘మాయాబజార్’ చివర్లో శకుని సత్యపీఠం ఎక్కి, కడుపులో ఉన్న కుట్రంతా కక్కేస్తాడు. ప్రతి డిజైన్ ఆఫీసులో ఒక సత్యపీఠం వేయించాలి. యాప్ బయటికి వదిలే ముందు దాన్ని గీసినవాడు అదెక్కి, ఈ బటన్ ఇక్కడెందుకు పెట్టాడో చెప్పాలి. మనవడితో అంటే నవ్వి, “ముందు మా మేనేజర్ని ఎక్కించాలి తాతా” అన్నాడు. ఎక్కించండి. మా షావుకార్లని మేం ఎక్కించలేదా ఏం!