ఇప్పటివరకు బాగుంది

"ఇప్పుడేం చదువుతున్నారు?" అని ఎవరినైనా అడగొచ్చు, ప్రమాదం లేదు. "ఎంతవరకు వచ్చింది?" అని అడిగితేనే స్నేహాలు చెడతాయి.

చిక్కడపల్లి వైపు ఒక కాలనీ పార్కులో పొద్దున్నే నాలుగు చుట్లు తిరిగి, సిమెంటు బెంచీ మీద కూలబడే బృందంలో ఈ వ్యాసకర్త ఒకడు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టగానే అందరూ వెళ్లి సంచులు నింపుకొచ్చారు. ఆవకాయ రోజులొచ్చేసరికి ఆ సంచుల గుట్టు బయటపడింది.

బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దాయనది 'వేయిపడగలు'. ఈ ఏడాది కొన్నది కాదు, మూడేళ్ల కిందటిది. దాని గురించి ఆయనకి తెలియనిది లేదు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో బహుమతి పంచుకున్న సంగతి చెబుతారు. పి.వి. నరసింహారావు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారనీ చెబుతారు. గుడి చుట్టూ ప్రదక్షిణాలు బ్రహ్మాండంగా సాగుతున్నాయి, గర్భగుడిలోకే వెళ్లడం లేదు. 112వ పేజీలో గుర్తుగా పెట్టిన ఆర్టీసీ టికెట్టు మీద అచ్చు మొత్తం వెలిసిపోయి, ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకో కూడా తెలియడం లేదు.

"ఇప్పటివరకైతే శైలి గంభీరం, పాత్రపోషణ అద్భుతం" అన్నారాయన.

వాళ్లావిడ రెండుసార్లు పూర్తిగా చదివారు. "ఎలా ఉంది పిన్నిగారూ?" అంటే, "ఆ పసిరిక..." అని నవలలోని పాత్ర పేరెత్తి, కాసేపు ఆగి, పాలవాడు వచ్చాడంటూ లేచి వెళ్లిపోయారు. మిగతా పది నిమిషాలూ పెద్దాయనే మాట్లాడారు.

అసలు చదివిన పేజీలకీ అభిప్రాయం పొడవుకీ ఎప్పుడూ విలోమ సంబంధమే. ఇందులో మన తప్పు కొంత, వారపత్రికల తప్పు కొంత. దశాబ్దాలపాటు తెలుగువాళ్లు నవలని పూర్తయ్యాక కాదు, వారం వారం సగంలోనే తూచారు. ఆంధ్రభూమిలో 'తులసిదళం' వస్తున్న రోజుల్లో యండమూరికే తెలియని ముగింపులు వీధి అరుగుల మీద తయారయ్యేవి. సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టించి, అట్ట వేయించి దాచుకునేవారు. ఆ బైండు పుస్తకంలో సరిగ్గా హత్య జరిగిన వారమే ఉండేది కాదు. పక్కింటావిడ వంటల పేజీ కోసమని పట్టుకెళ్లి ఉండేది. ఆ వారం లేకుండానే నవల చదివి, రచయిత తొందరపడ్డాడని తీర్పు చెప్పినవాళ్లు ఈ వ్యాసకర్త ఇంట్లోనే ముగ్గురున్నారు.

బెంచీకి ఆ చివర కూర్చునే లెక్చరరుగారిది మరో కథ. ఉస్మానియా హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి కాబట్టి, 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' పట్టుకున్నారు. ఆ నవల పేరే రచయితకి ఇంటిపేరైపోయింది. కథంతా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్కరోజు. ఆ ఒక్కరోజుకి ఆవిడకి ఏడు నెలలు పట్టాయి, ఇంకా సాయంత్రం కాలేదు. గుర్తుగా పెట్టింది మహిళలకిచ్చే జీరో టికెట్టు. "ఇప్పటివరకు ఎలా ఉంది మేడమ్?" అంటే, "వాడి బుర్రలో ఆలోచనలు ఆగవండీ, నాకేమో ఆగి పేపర్లు దిద్దుకోవాలి" అన్నారు. ఇంత నిజాయితీగల సమీక్ష ఈ మధ్య ఎక్కడా రాలేదు.

పెద్దాయన మనవడు డాలస్ ప్రయాణంలో ఉన్నాడు. తాతగారు వాడి చేతిలో మొక్కపాటివారి 'బారిస్టర్ పార్వతీశం' పెట్టారు. 1924లో మొదటి భాగం వచ్చిన ఆ నవలకి మూడు భాగాలున్నాయన్న సంగతి, మొదటిది చదివి నవ్వేసినవాళ్లలో చాలామందికి తెలియదు. మొగల్తూరు పార్వతీశానికి సామాను ఎంతైనా పట్టుకెళ్లే స్వేచ్ఛ ఉంది. మనవడికేమో రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. ఇంట్లో కాటా మీద ఒకవైపు గోంగూర పచ్చడి, ఒకవైపు మొక్కపాటివారు. పచ్చడే గెలిచింది. అయినా కుర్రాడు పుస్తకాన్ని చేతిసంచిలో వేసుకుని, పార్వతీశం ఆడవాళ్ల టోపీ కొనుక్కునే దాకా చదివాడట. "రివ్యూలు చూసి కొనుంటే పోయేది కదా తాతయ్యా" అని శంషాబాద్ నుంచి ఫోను.

ఇక ఈ వ్యాసకర్త చదువుతున్నది బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. పేరులోనే షరతు ఉంది: ఏం మిగిలిందో తెలియాలంటే చివరిదాకా వెళ్లాలి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ప్రతి అది. పాత యజమానెవరో ఎర్రపెన్సిల్ మనిషి. కథానాయకుడు దయానిధి నోరు విప్పితే చాలు, కింద గీత. మార్జిన్‌లో "నిజమే", "అవునా?", ఒకచోట "మా బావ" అని. 61వ పేజీ దగ్గర గీతలు ఠక్కున ఆగిపోయాయి. తర్వాతంతా తెల్లకాగితమంత శుభ్రం. ఆయన పుస్తకం మానేశాడో, పెన్సిల్ అరిగిపోయిందో, బావే వచ్చి లాక్కున్నాడో.

అప్పట్నుంచి వ్యాసకర్తకి సాహిత్యం పక్కకిపోయి పందెం మిగిలింది. కిందటి మంగళవారం రాత్రి 61 దాటాడు. దాటిన సంతోషంలో భార్యని లేపి చెప్పాడు కూడా. ఆవిడ లైటు తీసేయమంది.

మర్నాడు ఈ వ్యాసం మొదలుపెట్టడానికి పుస్తకం మూసి పక్కన పెట్టాడు. టికెట్టు కాదు కదా, వక్కపలుకుల పొట్లం కాగితమైనా గుర్తుగా పెట్టలేదు. వెతుక్కుందామంటే అటువైపు ఎర్రగీతలు కూడా లేవు.