పాత చింతకాయ డీఈఎస్‌తో పని కానిచ్చే చిట్కాలు

కొత్త క్రిప్టో లైబ్రరీ నేర్చుకోవాలంటే ఓ పూట పడుతుంది. ఆ పూట టీ కొట్టు దగ్గర గడిపేయొచ్చు. పాత సీ లైబ్రరీల్లో సెట్‌కీ, ఎన్‌క్రిప్ట్ అని రెండు ఫంక్షన్లు ఉండగా మనకెందుకండీ ఆ తిప్పలు? రెండూ డీఈఎస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీద నడుస్తాయి. అమెరికా ప్రభుత్వం 1977లో దాన్ని ప్రమాణంగా ప్రకటించి, 2005లో తనే వెనక్కి తీసుకుంది. ఊరిన పచ్చడి విలువ వాళ్లకేం తెలుసు!

1. ముందు మాన్యువల్ పేజీ మూసేయండి. డీఈఎస్ భద్రం కాదని అందులోనే రాశారు. చదివామంటే మన మెడకే చుట్టుకుంటుంది.

2. ఎన్‌క్రిప్ట్‌కి ఇచ్చే 64 బైట్ల అరేలో ఒక్కో బైటూ ఒక్కో బిట్టు: సున్నా, లేదా ఒకటి. ఎనిమిది అక్షరాల ముక్కకి అంత జాగా! విప్పడానికొకటి, మూట కట్టడానికొకటి లూపు రాసి వారం పని చూపించండి. స్టాండప్‌లో 'బిట్ లెవెల్‌లో ఉన్నానండీ' అంటే మేనేజరు మారు మాట్లాడడు. బిట్లు ఎటునుంచి పేర్చాలో తెలియలేదా? ఎటైనా పేర్చండి. విప్పేటప్పుడూ అదే తప్పు చేస్తే లెక్క సరిపోతుంది.

3. కీ కోసం బుర్ర పాడుచేసుకోకండి. ప్రాజెక్టు పేరులో మొదటి ఎనిమిది అక్షరాలు హెడర్ ఫైల్లో పెట్టేయండి. 64 బిట్లలో 8 పారిటీకి పోగా మిగిలేవి 56. 'డెబ్భై రెండు వేల లక్షల కోట్ల తాళాలు సార్' అని క్లయింటుకి చెప్పండి. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు రెండున్నర లక్షల డాలర్ల లోపే ఓ యంత్రం కట్టి 56 గంటల్లో అసలు తాళం పట్టేశారు. మరుసటి జనవరికి, ఇంటర్నెట్‌లో వేలమంది కంప్యూటర్లూ తోడై, ఆ సమయం 22 గంటల 15 నిమిషాలకు దిగింది. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే, 'మన డేటా ఎవడిక్కావాలండీ' అని నవ్వేయండి.

4. మోడ్ దగ్గర, ఒక్కో ముక్కనీ విడివిడిగా మూసే ఈసీబీ దాటి పోకండి. ఒకే ముక్క ఎన్నిసార్లిచ్చినా ఒకేలా బయటికొస్తుంది. టెస్టింగ్‌కి ఎంత హాయి! 2013లో అడోబీ నుంచి బయటపడ్డ పాస్‌వర్డులు ట్రిపుల్ డీఈఎస్‌తో ఈసీబీలోనే ఉన్నాయి. ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నవాళ్లంతా కవలల్లా తేలారు. పక్కనే ఎవరికి వారు రాసుకున్న క్లూలు, ఏ ముసుగూ లేకుండా. పొడుపు కథ, దాని పక్కనే విప్పు. అంత పెద్ద సంస్థ నడిచిన దారి మనకి చాలదా?

5. థ్రెడ్లు ధారాళంగా వాడండి. సెట్‌కీ పెట్టిన కీ అందరికీ ఉమ్మడి. ఒక థ్రెడ్ కీ పెట్టి వాడేలోగా ఇంకోటి మార్చేస్తుంది, సుబ్బారావు లెక్కలు అప్పారావు తాళంతో మూసుకుంటాయి. టికెట్ వస్తే 'నెట్‌వర్క్ ఇష్యూ' అని రాసి మూసేయండి.

6. ఎన్‌క్రిప్ట్ ఏమీ తిరిగివ్వదు. మనమూ ఏమీ అడగం.

7. 2018లో వచ్చిన లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 నుంచి ఈ ఫంక్షన్లు కొత్తగా లింక్ చేసే ప్రోగ్రాములకి అందవు. కంగారు పడకండి. పాత సర్వర్ని అప్‌గ్రేడ్ చేయకుండా మూలన పెట్టి, 'ఆపరాదు' అని కాగితం అంటించండి. అప్పటి బైనరీ నడుస్తూనే ఉంటుంది, మళ్లీ కంపైల్ చేయాలన్న బుద్ధి మాత్రం పుట్టకూడదు. సోర్సు పోయిందంటే ఆ బెంగా ఉండదు.

8. సోర్సు ఇంకా ఉందా? అయితే ఆడిట్ తేదీ తెలియగానే పేపర్లు పెట్టేయండి. పని అప్పజెప్పే కేటీకి కొత్తగా చేరిన కుర్రాణ్ణి అడగండి, అనుభవం ఉన్నవాళ్లు ప్రశ్నలేస్తారు. ఫైలు పైన 'పని చేస్తోంది, ముట్టుకోవద్దు' అని కామెంటు పెట్టండి. వెళ్లేముందు మాత్రం, 'ఏం తమ్ముడూ, ఈ ఫైల్లో స్పేసులన్నీ కాస్త సరిచేసి కమిట్ చెయ్యి' అని ఆప్యాయంగా చెప్పండి. గిట్ బ్లేమ్‌లో సరిచేసిన ప్రతి లైను పక్కనా ఆ కుర్రాడి పేరే కనిపిస్తుంది.