జక్రాన్‌పల్లి టు బసంత్‌నగర్: పావుగంట ప్రయాణం

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి నుంచి బసంత్‌నగర్‌కు విమానంలో ఎంతసేపు? తిన్నగా గీత గీస్తే దాదాపు 120 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్లు పోతుంది కాబట్టి పావుగంట చాలు. వేల్పూర్‌లో పొయ్యి మీద పెట్టిన పసుపు సగం ఉడకకముందే పెద్దపల్లి జిల్లాలో దిగొచ్చు. లెక్కలో తప్పు లేదు. చిన్న ఇబ్బందల్లా, ఎక్కేచోట విమానాశ్రయం ఇంకా పుట్టలేదు, దిగేచోట ఎప్పుడో పోయింది.

బసంత్‌నగర్‌లో 1980లలో వాయుదూత్ విమానాలైనా దిగాయి. జక్రాన్‌పల్లికి ఆ భాగ్యమూ లేదు. దానికి దక్కింది సర్వే, ఆపైన సాధ్యాసాధ్యాల నివేదిక. ఎన్నికల ముందు గాల్లోకి లేస్తుంది, ఓట్ల లెక్కింపు నాటికి దిగిపోతుంది. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్లలోపు పాతికేళ్లపాటు ఇంకోటి కట్టకూడదన్న ఒప్పందం వరంగల్ దగ్గరి మామునూరుకు అడ్డుపడింది, నిజమే. జక్రాన్‌పల్లి ఆ గీతకు అవతల ఉంది. అడ్డేమీ లేకపోయినా ఆగిపోవడం మన ప్రత్యేకత. పొరుగున నాందేడ్‌కు మాత్రం హైదరాబాద్ నుంచి ఉడాన్ పథకం విమానం 2017 ఏప్రిల్ 27నే ఎగిరింది, మన పక్కనుంచే.

నేల మీది లెక్క కూడా చూద్దాం. ఇంచుమించు ఈ రెండు కొసలనే కలిపే పెద్దపల్లి–నిజామాబాద్ రైలుమార్గం 177 కిలోమీటర్లు. పీవీ ప్రధానిగా 1993లో శంకుస్థాపన చేస్తే 2017లో పూర్తయింది. భాగించి చూస్తే రోజుకు 20 మీటర్లు! అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు అదే ముద్దొస్తోంది. ఆ నడకన వేసినా రెండు కిలోమీటర్ల రన్‌వే 100 రోజుల్లో అయిపోవాలి కదా.

వేల్పూర్ నుంచి దుబాయ్ పోయే పిలగాడికి ఈ లెక్కలతో పనిలేదు. ఆర్మూర్‌లో 44వ నంబరు హైవే ఎక్కిన కాసేపటికే డ్రైవర్ చెయ్యి చాపుతాడు: "గిదే తమ్మీ, మన ఎయిర్‌పోర్టు." పిలగాడు అటు చూస్తాడు. ఆ ఎయిర్‌పోర్టును దాటుకుంటూనే ఇంకో ఎయిర్‌పోర్టుకు మూడు నాలుగు గంటలు పోవాలి. మూడు గంటల ముందే లైన్లో నిలబడాలి. సముద్రం దాటి 2,500 కిలోమీటర్లు పోవడానికి పట్టేది నాలుగు గంటలే. అంటే దుబాయ్ కంటే శంషాబాదే దూరమన్నమాట. గల్ఫ్ ఏజెంటు ఈ దూరానికి వేరే చార్జీ వేయడం లేదు, అంతవరకు దయామయుడే.

మన దగ్గర అడిగింది రావాలంటే నామినేషన్లు వేయాల్సిందేనేమో. పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు పోటీకి దిగారు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. బోర్డు 2025 సంక్రాంతికి వచ్చింది. విమానాశ్రయానికి ఎన్ని యూనిట్లు కావాలో ఎన్నికల సంఘం ఇప్పుడే ఆర్డరు పెట్టుకుంటే మంచిది.